పండక్కి మీ ఊరి స్టేజీ మీద టీవీ లాంటి స్కిట్ల షో: సొంత పాత్రలు, సెలబ్రిటీ అనుకరణలు ఎలా తయారు చేసుకోవాలి

సంక్రాంతికి ఊరికి వచ్చిన జనం ముందు ఓ గంటసేపు టీవీలో వచ్చినట్టు స్కిట్లు వేద్దామనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు మన గోదావరి డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అమలాపురం వైపైనా, భీమవరం వైపైనా, గట్టు దాటి లంకల్లోకి వెళ్లినా అంతే. కానీ ఎక్కువమంది చేసే పని ఒకటే. జబర్దస్త్‌లో ఎప్పుడో వచ్చిన స్కిట్‌ని యూట్యూబ్‌లో పెట్టుకుని డైలాగులు రాసేసుకుని ఉన్నదున్నట్టు దించేస్తారు. అలా చేయకండి. కింద కూర్చున్నవాళ్లంతా ఆ స్కిట్ ముందే చూసేశారు, పంచ్ ఎక్కడ పడుతుందో వాళ్లకి తెలుసు, పైగా అసలు ఆర్టిస్టుతో పోల్చి చూస్తారు. మీ ఊరి మనిషిని, మీ ఊరి మాటతో, మీరే పుట్టించి స్టేజీ ఎక్కిస్తే ఆ పోలికే ఉండదు. అది ఎలా చేయాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ రకం షో ఎలా ఉంటుందో చెప్పుకుందాం. ఒక కథ మొదటి నుంచి చివరి దాకా నడవదు. చిన్న చిన్న స్కిట్లు వరసగా వస్తాయి, ఒకదానికి ఇంకోదానితో సంబంధం ఉండక్కర్లేదు. అందులో సరుకు రెండు రకాలు. ఒకటి, ఆ టీమ్ సొంతంగా పుట్టించిన పాత్రలు, జనానికి నచ్చితే మళ్లీ మళ్లీ వచ్చేవి. రెండోది, అందరికీ తెలిసిన పెద్దమనుషుల్ని అనుకరించడం. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో 1975 అక్టోబర్ 11న మొదలైన సాటర్డే నైట్ లైవ్ ఇలాంటిదే, ఇప్పటికీ నడుస్తోంది. 1995లో ఫాక్స్ ఛానల్‌లో మొదలై 2009 దాకా వచ్చిన మ్యాడ్ టీవీ కూడా ఈ రెండు సరుకుల మీదే బతికింది. మనకి ఈటీవీలో 2013లో జబర్దస్త్ వచ్చింది, టీమ్ లీడర్లు, జడ్జీలు, మార్కులు అనే పోటీ పద్ధతిలో.

ఇదేదో బయట నుంచి వచ్చిన కొత్త విద్య అనుకోకండి. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరి సంగతులు మాట్లాడి నవ్వించి పోతారు. కథ ఏదైనా ఆ ముగ్గురూ వాళ్లే, జనం వాళ్ల కోసం ఎదురుచూస్తారు. టీవీలో మళ్లీ మళ్లీ వచ్చే పాత్ర చేసే పని సరిగ్గా అదే. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఆ బొమ్మలాడించే కుటుంబాలు ఉన్నాయి, వీలైతే ఒకసారి వెళ్లి చూసి రండి, ఏ యూట్యూబ్ క్లాసూ నేర్పనిది అక్కడ దొరుకుతుంది. ఇక పగటి వేషాలవాళ్లయితే సోమయాజులు, సోమిదేవమ్మ లాంటి వేషాలు కట్టి, ఊళ్లో ఉండే రకరకాల మనుషుల నడకనీ మాటనీ పట్టి ఊరివాళ్ల ముందే ఆడి చూపించేవారు. మీరు మొదలుపెట్టబోయేది ఆ పని తర్వాతి అధ్యాయం, అంతే.

పాత్రని ఎక్కడ పట్టుకోవాలి

చాలామంది గెటప్‌తో మొదలుపెడతారు. విగ్గు, పెద్ద పొట్ట, సోడాబుడ్డి కళ్లద్దాలు, ఆపైన "ఈ మనిషి ఏం మాట్లాడాలిరా" అని ఆలోచన. తిరగేయండి. ముందు ఆ మనిషికి ఏం కావాలో రాయండి, ఒకే ఒక్కటి, ఎదుటివాళ్లు ఏమనుకున్నా వదలనంత గట్టిగా కావాల్సింది. 1951లో మన నరసాపురంలోనే పుట్టిన జంధ్యాల గారి సినిమాలు చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. పక్క పాత్రలకి ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది, ఆ మనిషి ఆ పిచ్చిని చాలా సీరియస్‌గా తీసుకుంటాడు, నవ్వించాలని ఒక్క క్షణం కూడా ప్రయత్నించడు. నవ్వు మనకొస్తుంది, వాడికి కాదు.

ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు మాట్లాడుకోవడం వినే ఉంటారు. అక్కడ అన్నీ కౌంటులోనే నడుస్తాయి, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. వంద కౌంటంటే చిన్న రొయ్య, ముప్ఫై కౌంటంటే పెద్దది, కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. రైతుకి రాత్రీ పగలూ ఒకటే టెన్షన్: ఇప్పుడే పట్టుబడి పట్టేయాలా, ఇంకో వారం మేత వేసి ఆగితే రేటొస్తుందా, ఆగితే ఈలోపు వైరస్ తగులుతుందా. ఈ టెన్షన్ ఉన్న మనిషిని తీసుకుందాం, పేరు కౌంట్ బాబాయ్. ఆయనకి కావాల్సింది ఒకటే, సరైన రేటొచ్చేదాకా దేన్నీ వదలకూడదు. ఇప్పుడు ఆయన్ని చెరువు గట్టు మీద పెడితే స్కిట్ రాదు, అక్కడ ఆయన మాట్లాడేది మామూలు మాటే. చెరువుతో సంబంధం లేని చోట పెట్టాలి. కొడుకు పెళ్లిచూపుల్లో పెడదాం.

పేరయ్య: పిల్ల తరఫువాళ్లకి అబ్బాయి బాగా నచ్చాడండి.

బాబాయ్: నచ్చుతాడండి, ఎందుకు నచ్చడు. ఇప్పుడు మావోడు వంద కౌంటు మీదున్నాడు, ఈ సైజులో పట్టుకెళ్తే లాభం మీకే కదండి.

పిల్ల తండ్రి: వందేంటండి, అబ్బాయికి పాతికేళ్లన్నారు.

బాబాయ్: వయసు కాదండీ, సైజు. ఓ ఆర్నెల్లు కోచింగ్ అనే మేత వేశామనుకోండి, చిన్నదో పెద్దదో ఉద్యోగం తగిలిందనుకోండి, యాభై కౌంటుకొస్తాడు. అప్పుడు రేటు ఎక్కడుంటాదో మీరే చూద్దురుగాని.

పేరయ్య: పోనీ తాంబూలాలైనా మార్చుకుందామండి.

బాబాయ్: ఇంకో వారం ఆగుదాం.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఏంటంటే, ఇది రొయ్యల మీద జోకు కాదు, కొడుక్కి రేటు కట్టే తండ్రి మీద. కట్నం గురించి ఒక్క ముక్క కూడా ఉపన్యాసం చెప్పకుండానే చెప్పాల్సింది చేరిపోతుంది. స్కిట్లలో మెసేజ్ ఉండాలని కమిటీ పెద్దలు అడుగుతుంటారు, చివర్లో ఒకడు ముందుకొచ్చి చేతులు జోడించి నీతి చెప్పే పద్ధతి దయచేసి మానేయండి, పాత్ర కోరికలోనే అది ఉండాలి.

తర్వాత ఏం చేయాలి? అదే పిచ్చిని మూడు మెట్లు పెంచాలి. మొదటి మెట్టులో మాటలు. రెండో మెట్టులో పని: కొడుకుని లేపి నిలబెట్టి, రొయ్యలెలా ఉన్నాయో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రే ఎత్తి చూసినట్టు నాలుగు వైపులా తిప్పి చూపిస్తాడు, "చూడండి, పెంకు గట్టిగా ఉంది, ఇంకో వారం ఆగుదాం" అంటాడు. మూడో మెట్టులో ఆయన నమ్మకం తల్లకిందులవ్వాలి. ఫోనొస్తుంది, మీవాడు నిన్న రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఎవరో అమ్మాయితో కనపడ్డాడని. బాబాయ్ లేచి తువ్వాలు నెత్తికి చుట్టి "చెరువుకి వైరస్ తగిలిందిరోయ్! ఎంత కౌంటైనా సరే, ఏ రేటైనా సరే, ఈ రాత్రికే పట్టేయండి!" అని అరుస్తాడు. అప్పటిదాకా తల వంచుకుని ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చున్న పెళ్లికూతురు కాఫీ గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా, "ఇంకో వారం ఆగుదామండి" అంటుంది. లైటు ఆపేయండి. ఆ తర్వాత ఒక్క డైలాగు కూడా వద్దు, ఎంత బాగున్నా వద్దు.

ఈ కొసమెరుపు ఎలా పనిచేసిందో చూడండి. బాబాయ్ మాటనే ఇంకొకళ్లు, అదీ మనం పట్టించుకోని మనిషి, తిప్పి కొట్టారు. అది జరగాలంటే ఆ మాట అంతకుముందు కనీసం రెండుసార్లు ఆయన నోట వచ్చి ఉండాలి. ఊతపదం అంటే ఇందుకే, ఊరికే గట్టిగా అరవడానికి కాదు. ఆ మాట పాత్ర కోరికలోంచి పుట్టకపోతే పిల్లలు రెండు రోజులు అంటారు, తర్వాత మర్చిపోతారు.

ఒక స్కిట్‌లో పిచ్చి ఉన్న మనిషి ఒక్కడే ఉండాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. మిగతావాళ్లు మామూలు మనుషుల్లా, మనం ఆ స్థానంలో ఉంటే ఎలా ఉంటామో అలా ఉండాలి. పేరయ్యకి కూడా నత్తి పెట్టి, పిల్ల తండ్రికి కూడా వింత నడక పెడితే ఎవర్ని చూడాలో జనానికి తెలీదు. టీమ్‌లో అందరికీ పంచ్‌లు కావాలని గొడవపడతారు, అది సహజం, కానీ ఒక స్కిట్‌లో ఒకడికి, ఇంకో స్కిట్‌లో ఇంకొకడికి అని పంచుకోండి. మామూలు మనిషిగా నిలబడి సరైన చోట తెల్లబోయే వేషం నిజానికి కష్టమైనది, మీ టీమ్‌లో అందరికంటే బాగా చేసేవాళ్లకి దాన్నివ్వండి.

యాస గురించి. సినిమాల్లో గోదావరి మనిషంటే మాటకి ముందు ఒక ఆయ్, మాటకి చివర ఒక అండి తగిలించేస్తారు. మీరు ఇక్కడ పుట్టారు, మీకు ఆ దిగుమతి యాస ఎందుకు? మీ తాతయ్య ఎవరితో అలా మాట్లాడతాడో, ఎవరితో మాట్లాడడో, కోపమొచ్చినప్పుడు మర్యాద ఇంకా పెంచి ఎలా కుళ్లబొడుస్తాడో మీకు తెలుసు. "తమరు పెద్దోరండి, మీకు చెప్పేంతోళ్లమా" అన్న మాట ఎంత మెత్తగా అంటే అంత గట్టిగా తగులుతుంది మన దగ్గర. అది పట్టుకోండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో బేరం, ఏరు దాటించే పంటు మీద బండ్లు ఎక్కించేటప్పుడు జరిగే వాదన, పులస వచ్చే రోజుల్లో చేప నిజంగా గోదావరిదేనా అని పరీక్ష చేసే బావగారు, అత్తారింటికి వచ్చిన అల్లుడికి ఎన్ని రకాలు వండారో లెక్క చెప్పే పిన్ని. కూర్చుని ఒక సాయంత్రం రాస్తే ఇరవై మంది దొరుకుతారు. అయితే ఒకటి, ఫలానా ఇంటాయన అని ఊరంతా వేలు పెట్టి చూపించేలా ఒకే మనిషిని ఎత్తుకొచ్చేయకండి. ముగ్గురు నలుగురు మనుషుల్లోంచి కలిపి ఒక్కణ్ణి చేయండి. ఆయన కూడా ముందు వరసలో కూర్చుని పక్కాయన్ని మోచేత్తో పొడిచి "వీడు అచ్చం మా బావే" అని నవ్వాలి.

అనుకరణ

ఇక్కడ మనకి ఎవరికీ లేనంత ఆస్తి ఉంది. వరంగల్‌కి చెందిన నేరెళ్ల వేణుమాధవ్ గారు మిమిక్రీని ఒక పూర్తి స్థాయి కళగా నిలబెట్టి 2001లో పద్మశ్రీ అందుకున్నారు. మన స్టేజీల మీద గొంతులు దింపేవాళ్లకి ఆయనే దారి. కానీ మిమిక్రీ వేరు, స్కిట్‌లో అనుకరణ వేరు. మిమిక్రీ ఆర్టిస్టు నిలబడి పదిమంది గొంతులు వరసగా వినిపిస్తే మనం ఆశ్చర్యపోతాం. స్కిట్‌లో ఆ ఒక్క గొంతు ఐదు నిమిషాలు ఉండాలి, పక్కవాళ్లతో మాట్లాడాలి, ఇబ్బందుల్లో పడాలి. గొంతు కుదిరిన ఆశ్చర్యం అర నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఆ మనిషి గురించి మీరు కనిపెట్టిన ఒక సంగతి.

సాటర్డే నైట్ లైవ్ మొదటి ఏడాదిలో చెవీ చేజ్ అనే నటుడు అప్పటి అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వేషం వేశాడు. పోలిక లేదు, మేకప్ లేదు, గొంతు మార్చలేదు. ఫోర్డ్ 1975లో ఆస్ట్రియాలో విమానం మెట్లు దిగుతూ జారిపడ్డాడు, చేజ్ ఆ ఒక్క ముక్క పట్టుకుని ఎక్కడికక్కడ తట్టుకుని పడిపోవడమే చేశాడు, దేశమంతా అది ఫోర్డే అని ఒప్పుకుంది. దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి 2008లో టీనా ఫే అనే నటి చేసింది. ఆ ఏడాది అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన సారా పేలిన్‌తో ముఖం అచ్చం కలిసింది, పైగా ఒక స్కిట్‌లో పేలిన్ టీవీ ఇంటర్వ్యూలో చెప్పిన మాటల్లో కొన్నింటిని దాదాపు అలాగే వాడుకున్నారు. రెండూ పనిచేశాయి. రెండింటిలోనూ ఆ మనిషి గురించి ఒకే ఒక్క గట్టి అభిప్రాయం ఉంది కాబట్టి.

మీరు చేయాల్సిన సాధన ఇది. ఎవర్ని వేయాలనుకుంటున్నారో వాళ్ల వీడియో తీసుకోండి, సినిమా సీను వద్దు, ఫంక్షన్లో మైకు ముందు మాట్లాడింది కావాలి, ఎందుకంటే సినిమాలో ఉన్నది పాత్ర, ఫంక్షన్లో ఉన్నది మనిషి. మొదట సౌండ్ తీసేసి చూడండి. చెయ్యి ఎక్కడికి పోతోంది, మాట మొదలయ్యే ముందు కళ్లు ఎటు తిరుగుతున్నాయి, బరువు ఏ కాలి మీదుంది. తర్వాత కళ్లు మూసుకుని వినండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు, వాక్యం చివర గొంతు లేస్తోందా పడుతోందా, మాట తట్టనప్పుడు ఏ శబ్దం చేస్తున్నారు. ఈ రెండూ అయ్యాక ఒక కాగితం మీద రాయండి: ఈయన మాట్లాడుతున్నప్పుడు ఎదుటివాళ్లు ఏమనుకోవాలని కోరుకుంటున్నారు? ఎన్టీఆర్ గారిని దింపేవాళ్లలో చాలామంది గొంతు బరువు చేసి "బ్రదర్" అనేసి ఆగిపోతారు. ఆయన ఒక్కరితో మాట్లాడినా ఎదురుగా లక్షమంది ఉన్నట్టే మాట్లాడతారన్నది పట్టుకుంటే చూడండి, అప్పుడు ఆయన్ని కిరాణా కొట్లో పావుకేజీ కందిపప్పు అడగమన్నా స్కిట్ నడుస్తుంది. రావు గోపాలరావు గారైతే కోపాన్ని ఎంత నింపాదిగా, ఎంత తీరిగ్గా నములుతారో అదే మనిషి, ఆయనదీ మన కాకినాడ వైపే కాబట్టి ఆ విరుపు మీ నోటికి తేలిగ్గా పలుకుతుంది.

పెట్టే చోటు కూడా పాత్రకి చెప్పినట్టే. సెలబ్రిటీని స్టూడియోలో పెట్టకండి, మన ఊళ్లో పెట్టండి. అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లే ఆర్టీసీ బస్సులో రావులపాలెం దాకా నిలబడాల్సి వచ్చిన స్టార్ హీరో, కండక్టరు ఆయన్ని గుర్తుపట్టకుండా "లోపలికి జరగండి సార్, లోపల ఖాళీగా ఉంది" అంటుంటే. ఇంకొకటి, ఒకే మనిషి అనుకరణ కాకుండా ఒక రకం మనుషుల్ని దింపడం కూడా బాగా వస్తుంది. వరదల టైములో టీవీ యాంకర్లు తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇది మన దగ్గర చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. యాంకరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి సినిమా ట్రైలర్‌లా ఊగిపోతూ ఆ అంకెలు చదువుతుంటే, వెనకాల లంకలో ఉండే పెద్దావిడ గేదెని తోలుకెళ్తూ, "ఆ అంకెలు మాకెందుకు బాబూ, మా అరుగు తడిస్తే రెండోదండి, గేదె అరిస్తే మూడోదండి, మీరు నిలబడ్డది మా కాలవలో అండి, పక్కకి రండి మునిగిపోతారు" అంటుంది. నవ్వు ఆ యాంకరు హడావిడి మీద ఉండాలి, ఇల్లు మునిగినవాళ్ల మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. లంకల వాళ్లు మీ ప్రేక్షకుల్లో ఉంటారు.

హీరోల విషయంలో జాగ్రత్త అవసరం. చిరంజీవి గారిదీ, కృష్ణంరాజు గారిదీ ఇద్దరిదీ మొగల్తూరే, మన దగ్గర అభిమానం అంటే ఇంటి మనిషి మీద ఉండే అభిమానం. అనుకరించండి, సరదా చేయండి, కానీ ఇద్దరు హీరోల్ని ఒకే స్కిట్‌లో పోటీకి పెట్టి ఒకర్ని తగ్గించకండి, స్టేజీ ముందు కుర్చీలు లేస్తాయి. అనుకరణ కుదిరిందో లేదో తెలుసుకోడానికి నేను పెట్టుకున్న కొలత ఒకటుంది: ఆ మనిషే ఎదురుగా కూర్చుని చూస్తే నవ్వగలడా? డానా కార్వీ అనే నటుడు అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్‌ని, అంటే పెద్ద బుష్‌ని, ఏళ్ల తరబడి టీవీలో దించాడు. 1992లో ఎన్నికల్లో ఓడిపోయాక ఆ బుష్షే కార్వీని వైట్‌హౌస్‌కి పిలిచి తన స్టాఫ్ ముందు తనని అనుకరించమన్నాడు. ఎగతాళిలో కూడా గౌరవం ఉంటే అలా జరుగుతుంది. ఇక రాజకీయ నాయకుల సంగతి మీ ఊరి వాతావరణాన్ని బట్టి మీరే తేల్చుకోండి. ఒక పార్టీ వాళ్లని వేసి ఇంకో పార్టీ వాళ్లని వదిలేస్తే మాత్రం అది స్కిట్ కాదు, ప్రచారం అయిపోతుంది.

వద్దు అని గట్టిగా చెప్పేవి కొన్ని ఉన్నాయి. కులం, ఒంటి రంగు, లావు, నత్తి, వైకల్యం. వీటితో వచ్చే నవ్వు ఎవరో ఒకళ్లని తలొంచుకునేలా చేసి వస్తుంది, ఆ పిల్ల, ఆ పిల్లాడు మీ ఎదురుగానే కూర్చుని ఉంటారు. రొయ్యల చెరువుల దగ్గరికి ఒడిశా, బీహార్ నుంచి వచ్చి పనిచేసేవాళ్ల తెలుగు మీద జోకులు కూడా ఇందులోకే వస్తాయి. మ్యాడ్ టీవీలో మిస్ స్వాన్ అనే పాత్ర బాగా పేలింది, కానీ ఆసియా వాళ్ల మాటతీరుని వెక్కిరిస్తోందని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి, ఇప్పుడు చూస్తే ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ కనపడుతుంది.

ఆడవేషాలు. మగవాడికి చీర కట్టడమే జోకు అనుకోవడం ఇక ఆపాలి. స్థానం నరసింహారావు గారు సత్యభామగా స్టేజీ ఎక్కితే ఎవరూ నవ్వలేదు, నోరు తెరుచుకుని చూశారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. మగవాడు ఆడవేషం వేస్తే ఆ స్థాయి శ్రద్ధతో వేయాలి. అంతకంటే మంచిది, మీ ఊరి అమ్మాయిల్ని టీమ్‌లోకి పిలవండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోరనే సాకు చెప్పకుండా మీరు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి, రిహార్సల్ పగటిపూట స్కూల్లోనో కమ్యూనిటీ హాల్లోనో పెట్టండి, స్క్రిప్టు ముందే చూపించండి. పైన రాసిన స్కిట్‌లో చివరి మాట ఆ పెళ్లికూతురిది, దాన్ని మీసాలు గీకిన కుర్రాడు చెప్తే సగం బలం పోతుంది.

రాయడం, రిహార్సల్

సాటర్డే నైట్ లైవ్ వాళ్లు వారంలో ఎలా పనిచేస్తారో తెలుసుకుంటే మీకు పనికొస్తుంది. సోమవారం అందరూ కూర్చుని ఐడియాలు చెప్పుకుంటారు, మంగళవారం రాత్రంతా రాస్తారు, బుధవారం బల్ల చుట్టూ కూర్చుని రాసినవన్నీ గట్టిగా చదువుతారు, అవి నలభై దాకా ఉంటాయి, అందులోంచి కొన్నే ఎంచుకుంటారు. శనివారం రాత్రి అసలు షోకి ముందు నిజమైన ప్రేక్షకుల ఎదుట ఒక డ్రెస్ రిహార్సల్ వేసి, నవ్వు రానివాటిని అక్కడికక్కడ తీసేస్తారు. అంటే వాళ్ల బలమంతా పారేయడంలో ఉంది.

మీకు నలభై అక్కర్లేదు. గంట షోకి ఏడు స్కిట్లు చాలు, పదిహేను రాయండి. దసరా సెలవుల్లో మొదలుపెడితే పండక్కి తీరిగ్గా ఉంటుంది, డిసెంబర్ చివరిదాకా ఆగితే కాపీయే కొడతారు. రాసినవి చదివే రోజు టీమ్‌లో లేనివాళ్లని నలుగుర్ని కూర్చోబెట్టండి, అందులో యాభై దాటిన ఆడవాళ్లు ఇద్దరైనా ఉండాలి. వాళ్లు మొహమాటానికి నవ్వరు, అర్థంకాకపోతే "ఏంట్రా అది" అని అడిగేస్తారు. ఎక్కడ నవ్వారో పక్కన గీత గీసుకోండి, నవ్వని స్కిట్‌ని ఎవరు రాసినా పక్కన పెట్టేయండి. ఒక్కో స్కిట్ ఐదారు నిమిషాలు దాటకూడదు. వరస పెట్టేటప్పుడు రెండో మంచి స్కిట్ మొదట, అన్నిటికంటే మంచిది చివర. పెద్దవాళ్లకి తెలిసిన అనుకరణలు, అంటే ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటివి, ముందు సగంలో పెట్టండి, వాళ్లు చలికి లేచి వెళ్లిపోకముందే. కౌంట్ బాబాయ్ లాంటి పాత్ర బాగా వచ్చిందనిపిస్తే గంటలో ఇంకోసారి, వేరే చోట, రెండు నిమిషాలకి తీసుకురండి. ఆసుపత్రిలో పుట్టిన మనవణ్ణి చూడ్డానికొచ్చి నర్సుని బరువడుగుతాడు, అంతే చాలు, ఆయన అడుగు పెట్టగానే జనం నవ్వడం మొదలుపెట్టేస్తారు.

స్టేజీ

మైకుల దగ్గరే సగం షోలు పోతాయి. సౌండ్ సిస్టమ్ ఆయన పాటలకి అలవాటు పడి ఉంటాడు, మాట స్పష్టంగా వినపడాలంటే బేస్ తగ్గించమని ముందే చెప్పండి. చేతి మైకుతో స్కిట్ వేస్తే ఒక చెయ్యి పోయినట్టే, అనుకరణ సగం చేతుల్లోనే ఉంటుంది. కాలర్ మైకులు దొరికితే మంచిది, లేకపోతే మూడు స్టాండు మైకులు ముందు వరసలో పెట్టి, మాట్లాడేవాడు మైకు దగ్గరికి రావడాన్ని రిహార్సల్లోనే నడకలో కలిపేసుకోండి. గట్టు పక్క ఊళ్లలో రాత్రి గాలికి మైకు బుస కొడుతుంది, స్పాంజి తొడుగులు అడగండి. రాత్రి పది దాటితే లౌడ్ స్పీకర్లకి నిబంధనలు ఒప్పుకోవు, కాబట్టి ఏడున్నరకే మొదలుపెట్టేలా కమిటీతో మాట్లాడుకోండి, పోలీసు పర్మిషన్ వాళ్లు తీసుకున్నారో లేదో కనుక్కోండి.

సెట్లు వద్దు. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తువ్వాలు ఉంటే పెళ్లిచూపులూ బస్సూ ఆసుపత్రీ అన్నీ అవుతాయి. గెటప్ మార్చుకునే టైము కోసం స్కిట్‌కీ స్కిట్‌కీ మధ్య ఖాళీ వదలకండి, ఆ నిమిషంలో జనం ఫోన్లు తీస్తారు. తెర ముందు ఒక మనిషి వచ్చి ఊరి వార్తలు చదవాలి, అర నిమిషం, మూడు వార్తలు, ఆ రోజు పొద్దున జరిగినవైతే ఇంకా మంచిది.

మన జనం ఊరికే కూర్చోరు, కింద నుంచి మాటలు విసురుతారు. అదొక వరం. ఎవరైనా మంచి మాట విసిరితే పాత్రలో ఉండే జవాబు చెప్పండి, కౌంట్ బాబాయ్ అయితే ఆ మనిషికి కౌంటు కట్టేస్తాడు. మీ సొంత గొంతులో "కాస్త నిశ్శబ్దంగా ఉండండి" అన్నారో, పాత్ర చచ్చిపోయినట్టే. నవ్వొచ్చినప్పుడు ఆగండి, నవ్వు పైన ఉన్నప్పుడు తర్వాతి మాట అంటే ఎవరికీ వినపడదు, పూర్తిగా ఆరిపోయేదాకా ఆగితే ఊపు పోతుంది, కిందకి దిగుతుండగా అందుకోవాలి. ఇది పుస్తకంలో రాదు, నాలుగుసార్లు జనం ముందు నిలబడితే వస్తుంది. అందుకే పండక్కి ముందు పక్క ఊళ్లో ఒకసారి వేసుకుని చూడండి.

వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే సినిమా పాటలు, బీజీఎంలు వాడకండి, కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. మీ ఊళ్లో డప్పు వాయించేవాళ్లనో, కీబోర్డు వచ్చిన పిల్లాణ్ణో కూర్చోబెట్టుకోండి. ఒక ఫోన్ స్టేజీ వైపు, ఇంకో ఫోన్ జనం వైపు పెట్టి తీయండి. రెండోది ఎవరికీ చూపించడానికి కాదు. షో అయిన రాత్రే టీమ్ అంతా కూర్చుని, ఏ మాటకి ఎవరు నవ్వారు, పిల్లలెక్కడ నవ్వారు, ఆడవాళ్లెక్కడ నవ్వారు, ఎక్కడ జనం పక్కకి తిరిగి మాట్లాడుకున్నారు అన్నది ఆ వీడియోలో చూసి స్క్రిప్టు మీద రాసిపెట్టుకోండి. కనుమ అయిపోయాక అందరూ హైదరాబాద్ బస్సులెక్కేస్తారు, తర్వాత కూర్చుందాం అంటే కుదరదు. ఏ పాత్ర మాట పిల్లలు మర్నాడు ప్రభల తీర్థంలో అనుకుంటూ తిరుగుతున్నారో విని, ఆ పాత్రకి వచ్చే దసరా లోపు ఇంకో మూడు చోట్లు రాసి ఉంచండి.